మూడో పిలుపు

ఆడది మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని శేషమ్మకు చిన్నప్పుడే ఎవరో చెప్పారు. చెప్పిందెవరో మరిచిపోయింది గానీ మాట మరిచిపోలేదు. పెళ్ళయి నలభై ఏళ్ళు దాటినా ఆ పేరు ఒక్కసారీ ఆమె నోట రాలేదు. రేషన్ కార్డు గుమాస్తా అడిగినా, ఆస్పత్రిలో నర్సు అడిగినా పక్కవాళ్ళ వైపు చూసేది, వాళ్ళే చెప్పేవారు. అలాంటి మనిషిని తీసుకొచ్చి దేశం కాని దేశంలో, అయోవాలో మొక్కజొన్న చేల మధ్య నిలబెట్టాడు దేవుడు, వేరే పనేం లేనట్టు.

ఇందులో కొడుకు శ్రీధర్ తప్పేం లేదు. తెనాలి పక్కన పొలం గట్ల మీద బతికిన తండ్రి, కొడుకు ఉండే ఊరు షామ్‌బర్గ్‌లో అపార్ట్‌మెంట్ కిటికీలోంచి నెలల తరబడి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంటే అతని మనసు ఉండబట్టలేకపోయింది. ఆవుల్నీ చేలనీ చూస్తే ముసలాయనకు ప్రాణం లేచొస్తుందని, డబ్బు తీసుకుని అతిథుల్ని పెట్టుకునే ఒక రైతు ఇంట్లో గది బుక్ చేశాడు. రైతు భార్య ఫోన్‌లో దారి చెప్పింది. చర్చి దాటాక కంకర రోడ్డట, ఎర్ర కొట్టం దగ్గర ఎడమకట. ఆ చుట్టుపక్కల కొట్టాలన్నీ ఎర్రవేనని ఆవిడకూ తోచలేదు, మనవాడికీ తోచలేదు. మధ్యాహ్నానికి చేరాల్సినవాళ్ళు సాయంత్రం దాకా ఆ చేల చుట్టూ గానుగెద్దులా తిరిగారు. చివరికి కారు చక్రం రోడ్డు పక్క కాలవలో దిగబడింది.

ఫోన్‌కు సిగ్నల్ అందలేదు. శ్రీధర్ ఎక్కడైనా ఇల్లు కనిపిస్తే హెల్ప్ అడిగి వస్తానన్నాడు. “మీరు మాత్రం కార్ వదిలి కదలొద్దు నాన్నా,” అని చెప్పి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

కదలొద్దంటే కదలకుండా కూర్చుంటే ఆయన అనంతరామయ్య ఎందుకవుతాడు? చేనుకు ఆవలి పక్క, పశువుల మేత నిలవచేసే పొడుగాటి గాదె ఒకటి తెల్లగా కనిపించింది. మనం వెళ్ళాల్సిన ఇల్లు అదేనని ఆయన తేల్చేశాడు. గట్టు పట్టుకుని అడ్డంగా పోతే చుట్ట కాల్చేలోగా చేరతానన్నాడు. గుండెజబ్బు మనిషి మీరు, వద్దని శేషమ్మ బతిమాలింది.

“చేలో నడవడం నాకు నువ్వు నేర్పుతావా?” అని పంచె ఎగ్గట్టి మొక్కల్లోకి దిగిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక గానీ ఆమెకు గుర్తు రాలేదు. గుండెనొప్పొస్తే నాలుక కింద పెట్టుకునే మాత్రల సీసా తన కొంగుముడిలోనే ఉండిపోయింది.

మన పొలాలకు గట్లుంటాయి గనక భూమి మీద ఏ పొలానికైనా గట్లుంటాయని ఆయన లెక్క. అక్కడ మాత్రం కనుచూపు మేర ఒకటే చేను. మొక్కలు మనిషి నెత్తి దాటి పెరిగాయి. లోపలికెళ్ళినవాడికి గాదె కనపడదు, రోడ్డూ కనపడదు. ఈ సంగతి శేషమ్మకు తనే నాలుగు సాళ్ళు లోపలికెళ్ళి వెనక్కి తిరిగినప్పుడు తెలిసింది. కారు లేదు, ఆకాశం ముక్క తప్ప ఏమీ లేదు. ఆకులు చేతుల్ని కోస్తుంటే ఎలాగో రోడ్డు మీద పడింది. ఇంకోసారి లోపలికెళ్ళే ధైర్యం చాలలేదు. తనూ తప్పిపోతే ఆ సీసా ఆయనకెవరిస్తారు?

పొద్దు వాలుతోంది. కొడుకు రాలేదు, ఆయనా రాలేదు. శేషమ్మ చెప్పులు విప్పి, చీర దోపుకుని, కారు ముందుభాగం మీదికెక్కి నిలబడింది. తెనాలిలో ఎవరైనా చూసి ఉంటే పిచ్చెక్కిందనే అనుకునేవారు.

“ఏమండీ,” అని పిలిచింది. గాలికి చేను మొత్తం గలగలమంది. గొంతు చించుకుని మళ్ళీ పిలిచింది. ఏమండీ, ఏమండీ అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది గానీ ఆకుల చప్పుడు ముందు ఆ మాట ఆనలేదు. ఆయన లోపల ఎక్కడో పడిపోయి ఉంటాడని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది. ఏడుపొచ్చింది. ఇక మిగిలింది ఆ పేరొక్కటే. పలికితే ఆయుష్షు తరుగుతుంది, నిజమే. తరగడానికైనా ముందు కాస్త మిగలాలి కదా అనుకుని కళ్ళు మూసుకుంది.

“అనంతరామయ్యగారూ.”

తన నోట ఆ పేరు విని ఆమెకే ఒళ్ళు జలదరించింది. జవాబు లేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. దూరంగా ఒకచోట మొక్కల తలలు కదిలాయి. కదిలి, ఆమె వైపు రాకుండా అవతలికి జరిగాయి. ఆయనే అయితే పిలిచినకొద్దీ దూరంగా ఎందుకు పోతాడు? నోరు జారిన పాపం అప్పుడే కొట్టిందని ఆమె చెంపలు వేసుకుంది. ఇక పిలవకూడదనుకుంది. అనుకుని కూడా, ప్రాణం ఆగక, ఏడుస్తూనే మూడోసారి పిలిచింది.

“ఆఁ,” అని పలికాడు చేలోంచి. “పిలుస్తూనే ఉండు, గొంతు పట్టుకొస్తా.”

ఆయన బయటపడేదాకా ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలియదు. మొహమంతా గీరుకుపోయి, ఎడమ రొమ్ము పట్టుకుని వచ్చి రోడ్డు అంచున కూలబడ్డాడు. శేషమ్మ ఎలా దిగిందో దిగి నాలుక కింద మాత్ర పెట్టింది. ఆయన మొహంలోకి రంగొచ్చేదాకా ఆమె ఊపిరి ఊపిరిలో లేదు.

“మొదటిసారే వినపడింది,” అన్నాడు తేరుకున్నాక, తల ఎత్తకుండా. “సందెవేళ, ఆడగొంతు, పేరు పెట్టి పిలుస్తోంది. నువ్వు పిలవవు కదా. దయ్యమనుకున్నా. దయ్యం రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిస్తేనే పలకాలని మా నాయనమ్మ చెప్పేది.”

“దయ్యాలు గారు అని పిలుస్తాయటండీ?” అంది శేషమ్మ. అని, నవ్వబోయి, నవ్వలేకపోయింది. “నేను మూడోసారి పిలవకపోయుంటే?”

ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

చీకటి పడకముందే శ్రీధర్ ఒక ట్రక్కులో వచ్చాడు. నడుపుతున్నది ఆ రైతు భార్యే. వాళ్ళ ఇల్లు అటు చర్చి వైపునట. ముసలాయన చూసిన గాదె ఎవరిదో. ఆవిడ ట్రక్కు దిగి, గీరుకుపోయిన ఆయన మొహం చూసి నొచ్చుకుని, తన పేరు చెప్పి శేషమ్మ చెయ్యి పట్టుకుంది. మీ ఆయన పేరేమిటని అడిగింది.

శేషమ్మ కొడుకు వైపు చూసింది.

“చెప్పరా,” అంది. “ఇవాళ నేను తగ్గించింది చాలు.”