మోకాలు మోపిన చోటు

కీ... కీ... కీ...

మెట్లు సగమైనా ఎక్కకముందే ఆ కూత వినిపించింది. లింగస్వామి కుడికాలు గాలిలోనే ఆగిపోయింది. ఎడమకాలు మాత్రం మెట్టు మీద గట్టిగా నిలబడింది. అది మోకాలి కింద నుంచి జైపూర్ కాలు. దానికి భయం తెలియదు.

తొమ్మిదేళ్ల కిందట, చెవులకు తగిలించుకున్న యంత్రంలో ఇలాంటి కూతే వినేవాడు. కూసిందంటే నేల కింద ఇనుముంది, ఆగు. కూయలేదంటే అడుగు వెయ్యి. కానీ ప్లాస్టిక్ ఒంట్లో గోరంత ఇనుము దాచుకున్న మందుపాతరల మీద ఆ యంత్రం మూగనోము పట్టేది. అక్కడ మనిషి మాటే యంత్రం.

"పైకి రండి లింగస్వామి గారూ! యూపీఎస్సండీ బాబూ, బాంబు కాదు," అన్నాడు పైనుంచి జోగారావు.

దిల్‌సుఖ్‌నగర్‌లో నెట్ సెంటర్ అతనిది. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. సగం మూసిన తలుపు మీద 'జై తెలంగాణ' స్టిక్కరు కొత్తగా మెరుస్తోంది. అది రెండు వేల పదకొండు అక్టోబరు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. గనుల్లో బొగ్గు ఆగింది, డిపోల్లో బస్సు ఆగింది, ఇళ్లలో కరెంటు ఆగాగి వస్తోంది. లింగస్వామి కాపలా కాసే కోచింగ్ సెంటరుకూ తాళం పడింది. ఎల్బీ నగర్ నుంచి ఇక్కడిదాకా అతడు నడిచే వచ్చాడు.

"మీ సమ్మె, మీ ఫారం! కరెంటు తీసిందీ మీవాళ్లే, ఆగిందీ మీ పనే," అన్నాడు జోగారావు.

"ఏం చేద్దం సార్. బొగ్గు తవ్వేటోళ్లకు గూడ కడుపులుంటయి గద."

"నేనేమన్నానండీ ఇప్పుడు!" జోగారావు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. నెల రోజులుగా ఆ గొంతుకు తగ్గడం అలవాటైపోయింది.

కంప్యూటరు ముందు అతని కూతురు తేజస్విని కూర్చుంది. బ్యాటరీ అయిపోయేలోగా ఫారం నింపాలని ఆమె వేళ్లు తొందరపడుతున్నాయి.

"అంకుల్, మందుపాతరంటే అన్నలు పెట్టిందా?"

"కాదు బిడ్డా. మిల్ట్రీదే."

అందరూ అదే అడుగుతారు. అడవి లేకుండా, అన్నలు లేకుండా మందుపాతర ఉంటుందని ఈ నగరంలో ఎవరికీ తోచదు. వాటిని పెట్టొద్దని, పెట్టినవి తీసేయాలని నూటయాభైకి పైగా దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం అందులో చేరలేదు. వచ్చే నెలాఖరున ఆ దేశాలన్నీ ఒకచోట కూర్చుంటాయట. చేరని దేశాల్లో చనిపోయినవాళ్ల పేర్లను ఆ సభ వాకిట నిలబడి ఒక్కొక్కటిగా పైకి చదవాలని ఒక చిన్న సంస్థ తలపెట్టింది. కాలికి కొత్త పట్టీలు వేయించుకోవడానికి పోయినప్పుడు లింగస్వామికి ఆ కబురు తెలిసింది. గడువు ఈ సాయంత్రం ఏడు గంటలు.

"చనిపోయినాయన పేరు చెప్పండి అంకుల్."

లింగస్వామి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, మాట కదలలేదు.

"జర పెన్నియ్యి బిడ్డా. రాసిస్త."

చీటీ మీద రాసిచ్చాడు. తేజస్విని చూసి టైపు కొట్టింది. ఆఖరి గడి దగ్గర ఆగింది.

"ఇక్కడ కన్నవాళ్ల సంతకం కావాలట. లేకపోతే వేలిముద్ర. అది లేకుండా పేరు చదవరు. ప్రింటు ఇస్తాను, వేయించుకు రండి. నాలుగింటికి కరెంటొస్తుంది, ఏడింటిదాకా ఉంటుంది. స్కాన్ చేసి పంపేస్తా. వాళ్లమ్మగారు ఎక్కడుంటారు?"

"కొత్తపేటల."

"అయ్యో, పక్కనే కదా!"

పక్కనే. రెండు బస్టాపులు. ఆ తల్లి హనుమాయమ్మ, కూతురింటికి వచ్చి అక్కడే ఉంటోందని విన్ననాటి నుంచి, నాలుగేళ్లుగా, ఆ పక్కకు పోకుండా ఉండటానికి లింగస్వామి పడని పాట్లు లేవు. కూరగాయలకు కొత్తపేట రైతుబజారు మానేశాడు. బస్సు ఆ వీధి దాటేదాకా తల వంచుకునేవాడు. ఈరోజు బస్సు లేక నడిచి వస్తూ కూడా అలాగే దాటేశాడు. ఇప్పుడు తల వంచుకున్నా కాళ్లు అక్కడికే పోవాలి.

బత్తాయిల వాసన లేని పండ్ల మార్కెట్టు పక్కగా నడుస్తుంటే, ఎడారి గుర్తొచ్చింది.

సరిహద్దులో యుద్ధం వస్తుందన్న చలికాలం అది. సైనిక దళంలో తెలుగువాళ్లు ఇద్దరే. నల్గొండ పిల్లవాడొకడు, సిక్కోలు పిల్లవాడొకడు. ఒకే పళ్లెంలో తిన్నారు, ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకున్నారు, పక్కపక్కనే మందుపాతరలు నాటారు. నాటిన ప్రతిదీ కాగితం మీద గుర్తు పెట్టాలి; రేపు తీసేవాడికి ఆ కాగితమే కళ్లు. ఒకచోట జిల్లేడు వేరు అడ్డొస్తే లింగస్వామి మందుపాతరను జానెడు పక్కకు జరిపి పెట్టాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. తరువాత రాయిద్దామనుకున్నాడు. తరువాత అన్నది రాలేదు.

యుద్ధమూ రాలేదు. పది నెలలకు తీసేయమన్నారు. ఒకడు నేల వెతికి చెప్పాలి, ఒకడు మోకాళ్ల మీద వంగి తీయాలి. ఆ పొద్దున వెతికింది లింగస్వామి. యంత్రం కూయలేదు. కాగితం మీద అక్కడ ఏమీ లేదు. స్నేహితుణ్ణి పేరు పెట్టి పిలిచి, "సాఫ్" అన్నాడు, నేల కింద ఏమీ లేదని. ఆ మాటను నమ్మి అతడు మోకాలు మోపాడు. నేల పేలింది.

పరుగెత్తకూడదన్నది వాళ్లు నేర్చిన మొదటి పాఠం. లింగస్వామి పేలిన చోటికి పరుగెత్తాడు. పక్క వరుసలో ఇంకొకటి పేలి అతని ఎడమకాలు పోయింది.

హనుమాయమ్మ ఉండే ఇంటి కింద అతడు చాలాసేపు నిలబడ్డాడు. మూలమీద సమ్మె శిబిరం, మైకులో పాట. చివరికి మూడంతస్తులు ఎక్కాడు. తలుపు తీసే ఉంది. ముసలామె చేటలో గోంగూర పెట్టుకుని ఆకు గిల్లుతోంది.

"ఎవులు నాయనా?"

"అమ్మా, నేను లింగస్వామిని. మీ బాబుతోని మిల్ట్రీల..."

"నల్గొండ లింగడివా! ఆడు ఉత్తరం రాస్తే సగం నీ ఊసే కదేటి. తొమ్మిదేళ్లకి దారి కనబడినాదా నీకు? గుమ్మంలో నిలబడిపోనావేటి, రా. కాలేటయినాది?"

"పోయిందమ్మా. గదే దినం."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "కూకో," అంది.

కూర్చుని, ఫారం చాపి, తనకు తెలిసినంత చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది.

"మన దేశం ఆ కాయితంలో సంతకం ఎట్టినాదా?"

"లేదమ్మా."

"ఎడతాదా?"

"తెల్వదు."

"మరి ఆడి పేరు సదివితే ఏటవుద్ది?"

"ఏం గాదు. పేరు సదువుతరు. గంతే."

"మావోడి పేరు ఆ దొరలకి నోరు తిరుగుద్దేటి?" బోసినోటితో నవ్వింది. లింగస్వామికీ నవ్వొచ్చింది, వచ్చినందుకు సిగ్గేసింది.

నవ్వు ఆపకుండానే ఆమె అడిగింది: "పెద్దాఫీసరు ఉత్తరమేసినాడు, డూటీలో పోయాడని. పాకిస్తానోళ్లు పేల్చీసినారని ఊరందరికీ నాను సెప్పుకున్నాను. నిజమేనా నాయనా?"

ఔనంటే చాలు. ఆమెకు చదువు రాదు. ఫారంలో ఏముందో ఎప్పటికీ తెలియదు. వేలిముద్ర పడుతుంది, పేరు సముద్రాలు దాటుతుంది. ఔనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే తొమ్మిదేళ్ల నాటి ఇంకో మాట వచ్చింది, అంత తేలికగానే పలికిన మాట.

"కాదమ్మా. మనమే పెట్టినం. మనమే తీస్తున్నం."

"మనమంటే?"

"గా ఒక్కటి నేను పెట్టిన. కాయితంల రాయించుడు మర్చిన. ఆ పొద్దు సాఫ్ అన్నది గూడ నేనే."

హనుమాయమ్మ ఆకు గిల్లుతూనే ఉంది. కాసేపటికి లింగస్వామి గమనించాడు: ఆమె చేతిలో ఉన్నది ఆకులన్నీ పోయిన కాడ. దాన్నే గిల్లుతోంది.

ఎంతసేపటికో శిబిరంలో పాట ఆగింది. తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల పేర్లు మైకులో మొదలయ్యాయి. ఒక పేరు, వెనకే వంద గొంతుల 'జోహార్'. మరొక పేరు, మరొక 'జోహార్'.

"రోజూ ఇంటాను," అంది ఆమె. "పొద్దుగూకేసరికి ఎవులెవులి బిడ్డల్నో పిలుస్తారు. ఆ తల్లుల్ని తలుసుకుని కాసింత ఏడుస్తాను. మావోడి పేరు నాను పిలిస్తే గోడలే ఇంటాయి." కాడను చేటలో పడేసింది. "నువ్వొచ్చి గంటయినాది. మీ బాబు, మీ బాబు అంతన్నావే గాని, ఒక్కపాలి ఆడి పేరెత్తలేదు. పలుకు. నీ నోట ఇంటాను. అప్పుడు ఏలిముద్ర ఏస్తాను."

లింగస్వామి గుక్క పట్టాడు. పేరు గొంతులోకి వచ్చింది; దాని తోక పట్టుకుని ఆ రెండో మాట కూడా వచ్చింది. ఆ రెంటినీ అతడు జీవితంలో ఎప్పుడూ విడదీయలేకపోయాడు. పేరు పలికితే సాఫ్ అంటాడు. సాఫ్ అంటే స్నేహితుడు మోకాలు మోపుతాడు.

లేచాడు. ఆమె ఆపలేదు. "నీ కాయితం ఒట్టుకుపో," అంది మాత్రం.

కిందికి దిగేసరికి వీధి దీపాలు, షాపుల దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆరున్నర దాటింది. తేజస్వినికి ఫోను చేశాడు.

"ముందే తీసేశారంకుల్. మళ్లీ ఎనిమిదికట. బ్యాటరీ కూడా అయిపోయింది. వేలిముద్ర దొరికిందా?"

"లేదు బిడ్డా."

"అయ్యో..." అంది. "దొరికినా పంపలేకపోయేవాళ్లం లెండి."

దొరికినా లేదు, దొరక్కపోయినా లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, చీకట్లో ఎటు పోవాలో తెలియక లింగస్వామి శిబిరం వైపు నడిచాడు. బ్యాటరీ మైకు పట్టుకుని మట్టయ్య నిలబడి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే మండలం, ఆటో నడుపుతాడు.

"రా లింగన్నా, కూసో. ఒంటికాలు మీద ఉద్యమం చేస్తున్నవ్, చాయ్ తాగు."

"మైకు ఒక్కపారి ఇస్తవా మట్టన్నా?"

"పాట పాడ్తవా ఏంది?" చాపల మీద నవ్వులు లేచాయి.

"పేరు పిలుస్త."

"ఎవరిది? ఏ జిల్లా?"

"సిక్కోలు."

నవ్వులు ఆగాయి. మట్టయ్య మైకును రొమ్ముకు అదుముకున్నాడు. "గిది తెలంగాణకు పానం ఇచ్చినోళ్ల జాబితా అన్నా. ఆంధ్రోని పేరు పిలిస్తే జోహార్ ఎవలంటరు?"

"ఎవ్వలు అనకున్నా మంచిదే. మిల్ట్రోళ్లు ప్రమాదమని రాసుకున్నరు. బయటి దేశపోళ్ల గడువు దాటిపోతున్నది. గా పేరుకు ఏ జాబితల జాగ లేదే. గదిగో, గా మూడో అంతస్తుల వాళ్లమ్మ కూసున్నది. ఆమెకు ఇనబడితే సాలు."

మట్టయ్య తలెత్తి చీకటి కిటికీ వైపు చూశాడు. చాపల వైపు చూశాడు. భుజం మీది తువ్వాలుతో మైకు తుడిచి చేతికిచ్చాడు. "ఒక్కటే పేరు. ఎన్క ఇంకేం మాట్లాడకు."

ఇంకే మాటా వద్దు. అదే కావలసింది, అదే చేతకానిది. మైకులో ముందు లింగస్వామి ఊపిరి వినబడింది. చాప మీద కుడికాలు వెనక్కి జరగబోయింది, జైపూర్ కాలు గట్టిగా నిలబడింది. పేరు గొంతులోకి వచ్చింది. దాని వెనక రెండో మాట. దాన్ని పళ్ల కింద నొక్కిపెట్టాడు.

"హనుమాయమ్మ కొడుకు," అన్నాడు. "సనపల వెంకట్రావు."