చక్రం కింది చెక్కలు

తప్పు నాదే. తర్వాత ఎవరూ సాగదీయకుండా ముందే చెప్పేస్తున్నాను.

పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ ఒక చిన్న స్టేషన్లో సిమెంటు మూటలు దించే హమాలీలకు నేను వంట చేస్తాను. ఆ మధ్యాహ్నం గాలికి పొయ్యి నిలవలేదు. రాళ్ళు వెతికే ఓపిక లేక, ఆగి ఉన్న నాలుగు వ్యాగన్ల చక్రాల కింది చెక్కదిమ్మెలు లాక్కొచ్చి పొయ్యికి అడ్డం పెట్టాను. రోజూ చేసే పనే. బ్రేకులు బిగించే ఉంటారులే అనుకున్నాను. ఆ రోజు బిగించలేదు.

సంగటి కెలుకుతుంటే వ్యాగన్లు కదిలాయి. పట్టాల పని కోసం ఆ పూట అవి నిలిచున్న పక్క దారిని మెయిన్ లైనుకు కలిపి ఉంచారు. పెనుకొండ వైపు పల్లం. హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరు అప్పటికే పెనుకొండ దాటింది.

హమాలీల మేస్త్రీ అంజనప్ప స్టేషన్ మాస్టర్‌కు చెప్పడానికి పరిగెత్తుతూ వెనక్కి చూశాడు. "నువ్వు యాడికి పోతాండావు చౌడక్కా? సస్తావు."

ఆ రైల్లో నావాళ్ళెవరూ లేరు. కాలేజీ పిల్లలు, మగ్గాల పనికి వచ్చేవాళ్ళు ఉంటారు. దిమ్మెలు తీసిన చేయి నాది, కాబట్టి వాళ్ళంతా నా పూచీ.

కుచ్చిళ్ళు ఎగదోపి పరిగెత్తాను. ముందు వ్యాగన్ మెట్టెక్కి బ్రేకు చక్రం పట్టుకున్నాను. రైలోళ్ళు తిప్పడం రోజూ చూసేదాన్నే, ఎటు తిప్పాలో తెలుసు. తుప్పుకు అది కదల్లేదు. ఇరవై మందికి సంగటి కెలికే చేతులు ఇప్పుడు పనికిరాకపోతే ఇంకెందుకని నన్ను నేనే తిట్టుకుని, ఒళ్ళంతా దాని మీద వేశాను. కిర్రుమంటూ తిరిగింది.

ఒక్కటి బిగిస్తే నాలుగు ఆగవు. దూకాను, మోకాలు చిట్లింది. వెనకది నా దగ్గరికే వచ్చింది. దాన్నీ బిగించాను. మూడోదానికి అరచేతుల తోలు లేచింది. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిప్పాను. నాలుగోది బిగిస్తుండగా రైలు కూత వినిపించింది. చక్రం వదల్లేదు.

వ్యాగన్లు ఆగాయి. స్టేషన్ నుంచి కబురంది రైలూ ఆగింది. మధ్యన రెండు కరెంటు స్తంభాల దూరం.

దిగిన జనం నా చుట్టూ మూగారు. స్టేషన్ మాస్టర్ ఆయాసపడుతూ వచ్చి, బహుమానం ఇప్పిస్తానని నా పేరు కాగితం మీద రాసుకున్నాడు. సిగ్గేసింది. సంతోషమూ వేసింది, అబద్ధమెందుకు.

తర్వాత ఆయన గొంతు మారింది. "దిమ్మెలు తీసిందెవరు? వాణ్ణి జైలుకు పంపిస్తా."

అంజనప్ప నాకడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఎవురో మేకలోల్లు ఎత్తకపోయింటారు సార్."

మేకలోళ్ళు రోజూ ఆ పక్కనే తిరుగుతారు. రేపు పోలీసులు పట్టుకునేది వాళ్ళనే.

అంజనప్పను పక్కకు నెట్టాను.

"ఇప్పుడే రాసుకుంటిరి కదా సార్," అన్నాను. "ఆ పేరే."