చాయ్ ఫ్లాస్కులో వచ్చిన రక్తం

ఆరు, ఏడు, ఎనిమిది. దీప్లా గొట్టాన్ని నెమ్మదిగా తలకిందులు చేసి నిలబెట్టాడు. రక్తం గడ్డకట్టకుండా ఎనిమిదిసార్లు తిప్పాలి. ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి, బస్సులో ల్యాబుకు చేర్చే ఆ చెయ్యి ఇరవై రెండేళ్లుగా లెక్క తప్పలేదు. మంచినీళ్ల సీసానైనా ఎనిమిదిసార్లు తిప్పాకే మూత తీస్తాడు. పుట్టిన మనవరాలిని చేతికిస్తే అలాగే తిప్పబోయాడనీ, కోడలు లాక్కుందనీ కోదాడ బస్టాండులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి చేతిని సూర్యాపేట ల్యాబు మేనేజరు ప్రభాకర్ మూడుసార్లు తిట్టాడు. వసంత రక్తం వెళ్లిన ప్రతిసారీ ఒకటే ముద్ర కొట్టాడు: గడ్డకట్టింది, మళ్లీ తీయండి.

వసంత కోదాడలో జాకెట్లు కుడుతుంది. నెల నుంచి ఆమె కళ్లు పచ్చబడ్డాయి. చన్నీళ్లు తగిలితే వేళ్ల కొసలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. రిపోర్టు రానిదే డాక్టరు అసలు మందు మొదలుపెట్టడు. ఈ చలి పొద్దున దీప్లా తీసింది ఆమె నాలుగో గొట్టం.

"ఒంట్లో రక్తమే లేదంటారు. ఉన్న నాలుగు చుక్కలూ మీరే గుంజుతుంటే ఎట్లా అన్నా?" అంది వసంత, మంచంమీంచి లేవకుండానే.

"ఇదే ఆఖరు చెల్లె. నాకు సుత కడుపు మండుతున్నది."

మండదా మరి! నిన్న ల్యాబులో టెక్నీషియన్ అఖిల, పరీక్షకు చదువుకుంటున్న పిల్ల, పారేయబోయిన వసంత గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంది. ఐదు నిమిషాల్లో గడ్డలు కరిగిపోయాయి.

"ఇది గడ్డ కాదు దీప్లన్నా. ఆమె ఒంట్ల తయారైన ప్రతిరక్షకాలే చల్లదనానికి ఎర్రకణాలను ఒకదానికొకటి అతికిస్తున్నయ్, పగలగొడుతున్నయ్. నీ ఐస్ బాక్సుల పెడితే గింతే అయితది. వెచ్చగ తే."

ప్రభాకర్ వింటేనా? "పుస్తకం ఇంటికాడ సదువుకో. గీడ ఐస్ బాక్సే రూలు," అన్నాడు.

ఐస్ బాక్సు! ఎండాకాలంలో దాని పక్కన కూర్చుంటే కండక్టరుకు స్వెటరు కావాలని దీప్లా గొప్పలు చెప్పుకున్న బాక్సు. అదే వసంత రోగాన్ని దాచిపెట్టిందా? దాన్ని తన్నాలన్నంత కోపం వచ్చింది.

అందుకే ఈ పొద్దున భార్య ఇచ్చిన స్టీలు ఫ్లాస్కులోని చాయ్ మోరీలో పారబోశాడు. పసిబిడ్డ స్నానానికి చూసినట్టు మోచేత్తో నీళ్ల వేడి చూసి ఫ్లాస్కులో పోశాడు. గొట్టాన్ని కవర్లో చుట్టి అందులో దించాడు. మిగతావాళ్ల గొట్టాలున్న బాక్సును బస్సులో కాళ్లకింద పెట్టి, ఫ్లాస్కును కడుపుకు ఆనించుకున్నాడు.

మునగాల దగ్గర పక్కసీటాయన అడిగాడు. "పెద్దాయనా, జర చాయ్ పొయ్యరాదే."

"పోస్తే తాగుతవా?" దీప్లా అరుపుకు డ్రైవరు బ్రేకేశాడు.

ల్యాబులో ప్రభాకర్ అంతకన్నా గట్టిగా అరిచాడు. "రక్తం చాయ్ ఫ్లాస్కుల తెస్తవా? ఇది ల్యాబనుకున్నవా, హోటలనుకున్నవా?"

"మూడుసార్లు నా చెయ్యి తప్పన్నవ్ సారూ. ముందుగాల ఇది సూడు. తర్వాత నౌకరీలకెళ్లి తీసేస్తవో, ఏం చేస్తవో చెయ్యి."

అఖిల గాజుపలకను వెచ్చజేసి చుక్క వేసింది. మైక్రోస్కోపులో కణాలు ఆరబోసిన కందుల్లా దేనికది విడిగా ఉన్నాయి. పలకను ఐసు మీద పెట్టింది. కణాలన్నీ ముద్దలు కట్టాయి. అరచేతిలో వెచ్చజేసింది. మళ్లీ విడిపోయాయి. ప్రభాకర్ కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"మిగతా పరీక్షలు సుత చేసి రిపోర్టు కొట్టు," అని మాత్రం అన్నాడు.

దీప్లా బల్ల గుద్దాడు. "నెల! ఒక్కపాలి గుప్పిట్ల పట్టుకుంటే తెలిసేదానికి నెల!"

ఆ ఊపులోనే ఫోను తీశాడు. డాక్టరుకు ఇప్పుడే చెబుతాం, మందు దొరికినట్టేనని ముందు వసంతకు చెప్పాలి. ఆమె భర్త రాజేందర్ ఎత్తాడు.

"నువ్వెళ్లిన అరగంటకే పోయిందన్నా. ఆయాసం వచ్చింది... అంతే."

అరగంట. అప్పుడు బస్సు మునగాలలో ఉంది. దీప్లా ఫోను జేబులో వేసుకున్నాడు. ఐస్ బాక్సును అక్కడే వదిలేసి కోదాడ బస్సుకు నడిచాడు.

లోపల ప్రింటరు వసంత పేరు కొట్టడం మొదలుపెట్టింది. బల్లమీద మూతలేని ఫ్లాస్కు ఉంది. అందులోని నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.