సున్నుండలు విరిచిన చెయ్యి

పొద్దున్నుంచీ పరదేశికి కాలు ఒకచోట నిలవడం లేదు. గేటు దగ్గరికి వెళ్తాడు, టోపీ సర్దుకుంటాడు, లోపల షామియానా కిందికి వస్తాడు, మళ్ళీ గేటు దగ్గరికే పోతాడు. రాయ్‌పూర్ జైల్లో హెడ్ వార్డర్ అన్నాక రాఖీ పండగనాడు నిలబడే తీరిక ఎలాగూ ఉండదు గానీ, ఇవాళ్టి తిరుగుడు వేరు. గేటు బయట, ఖైదీలకి రాఖీ కట్టడానికొచ్చి వానలో తడుస్తున్న ఆడవాళ్ళ లైనులో వాళ్ళక్క తాయారమ్మ ఉంది. లోపల బ్యారక్‌లో చిన్నాన్న కొడుకు నాగబాబు ఖైదీగా ఉన్నాడు. ఆ నాగబాబు తన తమ్ముడని ఈ జైల్లో ఒక్కరికీ తెలియదు.

దాచడానికి పరదేశి పెద్దగా కష్టపడిందీ లేదు. ఇక్కడివాళ్ళకి తెలుగువాడెవడైనా ‘రావు’ కిందే లెక్క. పరదేశి రావుజీ. భన్‌పురిలో లారీలోంచి ఇనుప కడ్డీలు మాయమైన కేసులో రిమాండుకొచ్చిన డ్రైవరు నాగబాబూ రావే. ఇద్దరు రావులు చుట్టాలై ఉంటారన్న అనుమానం ఎవరికీ రాలేదు.

సిబ్బందిలో ఎవరి చుట్టమైనా ఖైదీగా వస్తే ఆ రోజే సూపరింటెండెంటుకి చెప్పాలి. చెబితే ఆ బ్యారక్ వైపు డ్యూటీ తీసేస్తారు, అంతే. కొత్తగా చేరిన వార్డర్లకి ఈ రూలు నూరిపోసేదే పరదేశి. పోయినేడు బావమరిది సంగతి దాచిన ఒక వార్డర్ని పట్టుకుని జైలర్ వీరేంద్ర ముందు నిలబెట్టిందీ అతనే, ఆ మనిషిని ఎక్కడో బస్తర్ వైపు బదిలీ చేశారు. తీరా నాగబాబు వచ్చేసరికి, రెండ్రోజుల్లో బెయిలొస్తుంది కదా, ఊరికే ఎందుకు చెప్పడం అనుకున్నాడు. బెయిల్ రాలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే ఏమంటాడు? ఇప్పుడు బదిలీ తనకే.

నిన్న ఫోన్లో అక్కని బతిమాలాడు, రావద్దని, తనే తిల్దాలో వాళ్ళింటికి వచ్చి రాఖీ కట్టించుకుంటానని.

"నువ్వొస్తావురా, ఆడొస్తాడేటి? ఆడి చేతికెవులు కడతారు?" అంది తాయారమ్మ.

అయితే వచ్చినా తనని పలకరించొద్దన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసింది.

అసలు రాఖీ వాళ్ళ అమ్మానాన్నలకి తెలియని పండగ. శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికొచ్చిన కుటుంబం, పక్క క్వార్టర్ల పిల్లల్ని చూసి తాయారమ్మే మొదలుపెట్టింది. చిన్నాన్న పోయాక నాగబాబూ వాళ్ళింట్లోనే పెరిగాడు, అందుకని తమ్ముళ్ళిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి కట్టేది. నోట్లో పెట్టేది మాత్రం అందరిలా పాలకోవా పేడా కాదు, సున్నుండే.

గేటు తెరిచారు. పరదేశి పని మిఠాయిల బల్ల దగ్గర. తెచ్చిన ప్రతిదీ కోసి చూడాలి, లోపలికి ఏ బ్లేడు ముక్కో గంజాయి పొట్లమో పోయిందంటే అతని మెడకే చుట్టుకుంటుంది. ఒకటి రెండు కోసి చూసి డబ్బా పంపేస్తున్నాడు. పేడా కత్తి పెట్టగానే చక్కగా రెండు ముక్కలవుతోంది. లైను కదులుతోంది. అక్క వచ్చి స్టీలు డబ్బా మూత తీసింది. రావద్దని చెప్పే కంగారులో సున్నుండలు తేవద్దని చెప్పడం మరిచిపోయాడని పరదేశికి అప్పుడు తట్టింది. సున్నుండ కత్తికి ఆగదు, పొడైపోతుంది.

వెనక నుంచి జైలర్ వీరేంద్ర తొంగిచూశాడు. ఇంత నల్లగా ఉన్నాయేంటి రావుజీ, భంగు లడ్డూలా అని నవ్వాడు. పొట్టు మినుములూ బెల్లమూ నెయ్యీ సాబ్, మా ఇంట్లో చేసేవే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. మిగతావాళ్ళకి చేసినట్టు ఒకటి రెండు చూసీ వదల్లేదు. తనవాళ్ళని వదిలాడని ఎవరైనా అనుకుంటారేమోనని అన్నీ విరిచాడు. డబ్బాలో పిండి మిగిలింది. తాయారమ్మ ఆ పిండి వంక చూసింది గానీ అతని మొహం వంక చూడలేదు.

షామియానా కింద ఆవిడ నాగబాబుకి రాఖీ కట్టడం, చిటికెడు పిండి నోట్లో పెట్టడం, వాడు చిన్నపిల్లాడిలా అరచెయ్యి నాక్కోవడం, అన్నీ పరదేశి దూరం నుంచే చూశాడు. బల్ల వదిలి వెళ్ళాలనిపించింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

తిరిగి వెళ్తూ తాయారమ్మ బల్ల దగ్గర ఆగింది. రాఖీనాడు వచ్చే ఆడవాళ్ళు కొందరు గేటు కాపలావాళ్ళకీ రాఖీ కట్టిపోవడం మామూలే. సంచిలోంచి ఇంకో రాఖీ తీసింది.

"భయ్యా, ఆప్ భీ హాథ్ దీజియే." అన్నయ్యా, మీరూ చెయ్యివ్వండి అని.

పుట్టి బుద్ధెరిగాక అక్క అతనితో ఒక్క ముక్క హిందీ మాట్లాడలేదు. ఒరే తప్ప ఇంకో పిలుపే లేదు. ఇప్పుడు ఆప్ అంది, దారినపోయే మనిషికి అన్నట్టు. కట్టించుకో రావుజీ అని జైలర్ వెనకనుంచి హుషారు చేశాడు. ఆవిడ ముడి వేసి, కాస్త పిండి అతని అరచేతిలో పెట్టి, నమస్కారం చేసి గేటు వైపు నడిచింది.

ఎవరికీ ఏమీ తెలియలేదు, ఇక తెలియదు కూడా. పరదేశి గుండె కుదుటపడాలి నిజానికి. పడలేదు. అరచేతిలో పిండి చెమటకి ముద్దవుతోంది.

"అక్కా" అని పిలిచాడు, లైను మొత్తం తిరిగి చూసేంత గట్టిగా.

"ఏట్రా" అంటూ వెనక్కి తిరిగింది తాయారమ్మ. అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జైలర్ ఆవిడనీ చూశాడు, అతన్నీ చూశాడు. పరదేశి సెల్యూట్ కొట్టి హిందీలో గబగబా చెప్పేశాడు, ఈవిడ మా అక్క సాబ్, లోపలున్న నాగబాబు మా తమ్ముడు, చెప్పాల్సిన రోజున చెప్పలేదు అని. జైలర్ మొహంలో నవ్వు పోయింది. తాళాలు ఇక్కడ పెట్టి ఆఫీసుకి రమ్మని అటు నడిచాడు. పరదేశి నడుముకున్న తాళాల గుత్తి విప్పి కత్తి పక్కన పెట్టాడు.

తాయారమ్మ బల్ల దాకా వెనక్కొచ్చింది.

"ముందా చేతిలోది నోట్లో ఎయ్యిరా" అంది.

వేసుకున్నాడు. నములుతూనే, వానలో, పరుగులాంటి నడకతో జైలర్ వెనక ఆఫీసు మెట్లెక్కాడు.