బోణీ చీటీ మీద బొట్టు

ఇరవై రెండేళ్లుగా యతిరాజులుది ఒకటే పద్ధతి. తిరుచానూరు రోడ్డులో తన మందుల షాపు తెరవగానే దీపం పెట్టి, ఆ రోజు మొదట వచ్చిన మందుల చీటీని కళ్లకద్దుకుని, దాని నెత్తిన తడి కుంకుమతో ఒక బొట్టు పెట్టేవాడు. అది బోణీ చీటీ. డాక్టర్లు నవ్వుకున్నారు, జనం మురిసిపోయారు, ఇన్నేళ్లూ ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. వచ్చింది మాత్రం 2002 జూన్‌లో వచ్చింది, అదీ రామానుజ మీదికి.

రామానుజ ఒక సంస్థలో పనిచేసి రిటైరైన మనిషి. రెండేళ్ల కిందట కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీ చెడిపోకుండా పొద్దునా సాయంత్రం మాత్రలు పడాల్సిందే, ఒక్క రోజు తప్పినా ప్రాణాల మీదికొస్తుందన్నారు. మందులు యతిరాజులు ఇస్తాడు, బిల్లు సంస్థ కడుతుంది. కిందటి నెల క్లెయిము పాసైతేనే ఈ నెల మందుకు పర్మిషన్. ఆ పర్మిషన్ కాగితం ఫ్యాక్సులో అందితే తప్ప మద్రాసు డీలరు పార్సెలును బస్సెక్కించడు. ఇంట్లో మిగిలింది రేపు పొద్దుటి మాత్ర ఒక్కటే.

ఆ క్లెయిమే శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చింది.

యతిరాజులు ఆదరాబాదరాగా సంస్థ ఆఫీసు చేరేసరికి మూడున్నర. రామానుజ భార్య నారాయణి అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. క్లర్కు ధనంజయ చీటీని బల్ల మీద పరిచి వేలితో పొడిచి చూపించాడు.

"ఇదేంది స్వామీ? డాక్టరు ఏసిన తేదీ యాడ ఉండాది? అంతా కుంకమే గదా!"

"బోణీ చీటీ నాయనా..." అన్నాడు యతిరాజులు, చీటీ వైపు వంగి.

"సర్క్యులర్ సదవలేదా? డాక్టరు రాత తప్ప చీటీ మీద ఇంకే గుర్తూ ఉండకూడదని రాసినారు గదా."

ఏప్రిల్లో వచ్చింది ఆ సర్క్యులర్. పన్నెండు పేజీలు. బిల్లు మూడు కాపీలు ఉండాలి, మాత్రల ఖాళీ అట్టలు జత చేయాలి, నెల లోపల దాఖలు చేయాలి. పదకొండు పేజీలు యతిరాజులు ఎర్రగీతలు కొట్టుకుంటూ మరీ చదివాడు. పన్నెండోది తిప్పబోతుంటే ఎవరో దగ్గు మందు అడిగారు, అంతే, పక్కన పెట్టేశాడు. ఆహా, ఏం తెలివి! తన చెంప తనే వాయించుకోవాలనిపించింది ఆయనకు.

"డాక్టరుతో మళ్లా రాయించుకొస్తా."

"ఆయన ఢిల్లీ పోయినాడు, సోమవారం దాకా రాడు. అయిదింటికి మా సారు లేసి పోతే ఈ ఫైలూ సోమవారమే." ధనంజయ గొంతు తగ్గించి ఒక ఫారం ముందుకు తోశాడు. "ఒక దావ ఉండాది. ఆ మరక ఎవరు సేసినారో ఒప్పుకొని సంతకం పెట్టండి. ఈ తూరికి క్లెయిము పాసు సేయిస్తా."

ఫారంలో రెండు గడులు. ఒకటి రోగి తరఫు, ఇంకోటి మందుల షాపు. అడుగున ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు. యతిరాజులు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. షాపు తప్పయితే, వచ్చే నెల నుంచి షాపు పేరు సంస్థ జాబితాలోంచి తీసేస్తారు. రోగి తప్పయితే, సంస్థ ఇచ్చిన రోగి కార్డు మూడు నెలలు ఆపేస్తారు, అన్నాళ్లూ మందుకు పర్మిషన్ ఉండదు. ఆయన షాపుకొచ్చే చీటీల్లో ముప్పాతిక భాగం ఈ సంస్థ వాళ్లవే. అవి లేకపోతే షట్టరు దించేయాల్సిందే.

"నా పేరు రాయండి స్వామీ," అంది వెనకనుంచి నారాయణి. "ఆడమనిషి, భక్తి కొద్దీ పెట్టిందనుకుంటారు. మమ్మల్ని రెండేళ్లు కనిపెట్టుకున్నారు, మీకెందుకు మాట రావల్ల?"

పాపం, ఆమె ఆ సన్నటి అక్షరాలు చూడలేదు.

యతిరాజులు పెన్ను తీశాడు. పెన్ను తిన్నగా రోగి గడి మీదికే పోయింది. ఆమే అడిగింది కదా, తన నోటితోనే అడిగింది కదా! మూడు నెలలు ఎవరినో ఒకరిని పట్టుకుని ఎలాగో నెట్టుకొస్తారులే. పెన్ను మొన కాగితానికి ఆనింది. ఛీ, నా బతుకు చెడ, అనుకున్నాడు. చేయి పక్క గడికి జరిపి టిక్కు కొట్టి, మళ్లీ చూసుకోకుండా సంతకం గీకేశాడు.

నాలుగూ నలభైకి పర్మిషన్ కాగితం చేతికొచ్చింది. షాపును తీసేసిన ఉత్తర్వూ దానితోనే వచ్చింది.

మెట్ల దగ్గర నారాయణి నిలదీసింది. "నా పేరు రాయమంటే ఎందుకు రాయలేదు స్వామీ? ఇప్పుడు మీ షాపేం గావల్ల?"

"రాసుంటే రామానుజ కార్డు మూడు నెలలు నిలిపేసేవాళ్లమ్మా. ఈ కాగితమే వచ్చేది కాదు."

ఆమె ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది. "అయ్యో, నా నోటితో నేనే..." అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నీ తప్పు లేదమ్మా, నీకు తెలీదు. నాకు తెలుసు." యతిరాజులుకు ఏడుపొచ్చింది. "తెలిసీ నీ గడి మీదే పెన్ను పెట్టినాను. టిక్కు కొట్టేసేవాణ్ణే."

నారాయణి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. లేచి ఆయన చేతిలోని పర్మిషన్ కాగితం లాక్కుని, "ఫ్యాక్సు యాడుండాది?" అని అడిగి, ఆయనకంటే ముందే మెట్లు దిగింది.