కత్తెర పట్టిన అప్రెంటిస్

పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు లెక్చరరమ్మ, కుట్టుపని నేర్చుకుందామని టైలరు దుకాణంలో చేరిన రోజే అక్కడివాళ్లకు పాఠం చెప్పింది.

"స్టూడెంట్‌గారూ, ఇలా కూర్చోండి" అని కటింగ్ మాస్టరు కుర్చీ చూపించడంతో వచ్చింది తంటా.

"నన్ను స్టూడెంట్ అనకండి మాస్టారూ. బడిపిల్లలు ప్యూపిల్స్. కాలేజీలో చదివేవాళ్లు స్టూడెంట్స్. చదువులో బాగా లోతుకు దిగితే స్కాలర్. ఉద్యోగంలోకి తీసుకుని తర్ఫీదిస్తే ట్రైనీ. గురువు పక్కన నిలబడి చేతిపని నేర్చుకునేవాళ్లు అప్రెంటిస్. నేను అప్రెంటిస్‌ని."

మిషను మీదున్నావిడను, కుట్టు వేగానికీ నోటి వేగానికీ కలిపి, అందరూ బుల్లెట్ అంటారు. కాలు ఆపకుండానే అంది: "అప్రెంటిస్ అంటే కత్తెర పట్టాలమ్మా. మీకింకా కుర్చీలు వేస్తున్నారు!"

మాస్టరు నవ్వాడు కానీ కాదనలేదు. ఆ దుకాణంలో పద్ధతి అది. "కత్తెర తియ్యి" అని ఆయన నోటితో అనేదాకా ఎవరూ కొత్త గుడ్డ కత్తిరించకూడదు. అన్నాడంటే పనివాళ్లలో ఒకరైనట్టే.

లెక్చరరమ్మకు ఆ మాట ఇంకా దక్కలేదు. ఆయన ఆమెకంటే పెద్దవాడు, అయినా ఆమె చదువుకిచ్చే మర్యాద ఎక్కువ. టీ తెప్పిస్తాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పుతాడు, కుట్టు పాములా మెలికలు తిరిగినా "పర్వాలేదు మేడమ్" అంటాడు. ఆ పర్వాలేదే ఆమెకు మింగుడుపడేది కాదు. పైకి వస్తారనుకున్నవాళ్లతో తను క్లాసులో ఏనాడూ ఆ మాట అనలేదు మరి.

ఒక ఉదయం ఓ అమ్మాయి తెల్లగుడ్డ పట్టుకుని హడావిడిగా వచ్చింది.

"నిన్నటిదాకా మెడికల్ స్టూడెంట్‌నండీ, పొట్టి కోటు. రేపట్నుంచి ఇంటర్న్‌ని, మోకాళ్ల దాకా కోటుండాలి. పొట్టికోటుతో వెళ్తే వార్డులో నన్ను పక్కకి జరగమంటారు. రేపు పొద్దున్నే కావాలి."

మాస్టరు కొలతలు తీసుకుని, గుడ్డ బల్లమీద పరిచి, సుద్దతో గీతలు గీశాడు. "ఒకసారి టేపు పెట్టి సరిచూడండి మేడమ్" అని భోజనానికి వెళ్లాడు.

ఆమె సరిచూసింది. భుజం సరి. చంక సరి. చెయ్యి పొడవు సరి. సరిగ్గా ఉన్నది కనబడితే ఆ చెయ్యి ఊరుకోదు. సంచిలోంచి ఎర్రపెన్ను దానంతటదే బయటికొచ్చింది. ప్రతి గీత పక్కనా ఒక టిక్కు, వీపు ముక్క మధ్యలో పెద్ద అక్షరాలతో "గుడ్".

బుల్లెట్ కాలు మొదటిసారి ఆగింది. "అయ్యో అయ్యో! మార్కులు కూడా వేసెయ్యకపోయారా తల్లీ?"

మాస్టరు తిరిగొచ్చి చూశాడు. తడిగుడ్డతో అద్దితే సిరా ఇంకా పాకింది. బట్టలకొట్లకు ఆ రోజు సెలవు. ఆయన మొహం మాడిపోయింది, అయినా "పర్వాలేదు మేడమ్, ఆలస్యమవుతుందని ఆ అమ్మాయికి ఫోను చేస్తాలెండి" అన్నాడు.

"చెయ్యకండి. చెడగొట్టింది నేను, దారి వెతికేదీ నేనే."

కాగితపు నమూనాలన్నీ తెచ్చి గుడ్డమీద పెట్టింది. జరిపింది, తలకిందులు చేసింది, మళ్లీ తీసింది. టిక్కులన్నీ ముక్కల మధ్య మిగిలే పీలికల్లోకి నెట్టింది. చేతులు ఇమిడాయి, ముందు భాగాలు ఇమిడాయి, వీపు ముక్క మాత్రం ఎటు తిప్పినా "గుడ్" దాని మధ్యకే వచ్చి కూర్చుంది. ఆ "గుడ్" ఎంత వెడల్పుందో ఆమె టేపు పెట్టి కొలిచింది. తర్వాత కాగితపు వీపును నిట్టనిలువునా మడిచి, రెండుగా కోసి, చెరోవైపు పెట్టింది. "గుడ్" నడిమి సందులో ఒంటరిగా మిగిలిపోయింది.

మాస్టరు దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"నడిమి కుట్టు వస్తుందిగా. కుట్టులోకి పోయే గుడ్డ వదిలావా?"

"రెండువైపులా వదిలాను."

"నడుం దగ్గర?"

"కాస్త లోపలికి తీస్తాను. కిందేమో కుట్టకుండా చీలిక వదిలేస్తాను. వార్డుల్లో పరిగెత్తే పిల్ల, అడుగు పడాలి కదా."

ఆయన నమూనాల అంచుల వెంట వేలితో ఒక చుట్టు చుట్టాడు. గొంతు పెరిగింది.

"మరి నా మొహం చూస్తావేం? పొద్దు వాలిపోతోంది. కత్తెర తియ్యి!"

ఆమె తీసింది. బరువుగా ఉంది.

"మోచెయ్యి లేపకు! గుడ్డ లేస్తుంది. ఏం చదువుకున్నావో ఏమో, నిదానంగా!"

తిట్లు తింటూ అంత మురిసిపోయిన మనిషిని బుల్లెట్ ఎన్నడూ చూడలేదు. "దిష్టి తగిలేలా ఉంది, మెల్లగా నవ్వమ్మా" అంటూ ముక్కలు అందుకుని మిషను ఉరికించింది.

మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి కోటు తొడుక్కుని, అద్దం ముందు ఆగకుండా దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి గబగబా నడిచింది.

"మా సీనియర్ల కోట్లన్నీ కాళ్లకి పట్టేస్తాయండీ. ఇది ఎక్కడా పట్టలేదు! ఎవరు కత్తిరించారు?"

"మా అప్రెంటిస్" అన్నాడు మాస్టరు.

ఆ అమ్మాయి ఏ కుర్రాడైనా ఉన్నాడేమోనని చుట్టూ చూసింది.

"అదిగో, ఆ నెరిసిన జుట్టు, కళ్లజోడు" చూపించింది బుల్లెట్.

"మీరా ఆంటీ! థాంక్సండీ!"

లెక్చరరమ్మకు వినబడింది. చెవుల దాకా నవ్వొచ్చింది. అయినా తల ఎత్తలేదు. గుడ్డలో కత్తెర ఉండగా తల తిప్పకూడదు.