ముక్కుపుడకలోని పేరు

సామ్రాజ్యం రాసే ఇంగ్లీషు వాక్యాలన్నీ 'హీ'తోనే మొదలయ్యేవి. హీ వెంట్. హీ సెడ్. హీ విల్ కమ్. ముందు పేరు చెప్పి ఆ తరువాతనే సర్వనామం వాడాలని ఆనందబాబు మొదటి వారంలోనే నేర్పాడు.

"ఇంతకీ ఎవరమ్మా ఈ 'హీ'?" అని అడిగితే ఆమె తల వంచుకుని, ముక్కుపుడకలోని ముత్యాన్ని వేలితో తాకింది. ఆయనకు బోధపడలేదు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఆమె అత్త పిచ్చమ్మ పకపకా నవ్వింది.

"అంత చదువుకున్నారు, ఇది తెలీదా అయ్యోరా? ముత్యాలయ్య. నా కొడుకు, దీని మొగుడు. పెళ్లినాడు గడపకాడ ఆడోళ్లంతా అడ్డం నిలబడి పేరు చెప్పమంటే గూడా ముక్కే పట్టుకునింది."

ముత్యాలయ్య మద్రాసు రేవులో సరుకుల ఓడ ఎక్కి ఏళ్లు గడిచాయి. మొదట్లో ఎవరో ఒకరు కబురు తెచ్చేవారు. తరువాత అదీ లేదు. సామ్రాజ్యం విడవలూరులో చిన్నపిల్లల బడికి ఆయాగా పోతూ, ప్రైవేటుగా మెట్రిక్కు కట్టింది. గట్టెక్కితే నెల్లూరులో టీచరు ట్రైనింగు. ఇంగ్లీషు ఒక్కటే అడ్డు. వాల్తేరులో ఎం.ఎ. చదివి, కాలేజీ ఉద్యోగం వదులుకుని, ఊరి చివర పుస్తకాల నడుమ ఒంటరిగా కాలం గడుపుతున్న ఆనందబాబు దగ్గరికి అత్తను తోడు తెచ్చుకుని సాయంత్రాలు వచ్చేది.

ఆమె అడిగే ప్రశ్నలు ఆయన చదివిన ఏ వ్యాకరణంలోనూ లేవు.

"డోంట్ నెత్తిన ఈ గాలం ఏంది సార్?"

"అపాస్ట్రఫీ. మింగేసిన అక్షరానికి గుర్తు."

"అయితే ఈ గాలానికి పడింది అక్షరమన్నమాట."

మరొకనాడు, "గో అనేదానికి గోడ్ అంటే సరిపోయేదానికి, వెంట్ అని వేరే మాటెందుకు? పొయ్యినోడు మారిపోతాడనా?" అంది. ఆయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

పుస్తకాలతో నిండిన ఆ ఇంట్లో రెండో కుర్చీ అప్పటిదాకా పుస్తకాలకే ఉపయోగపడేది. ఇప్పుడు పొద్దు వాలకముందే దాన్ని ఖాళీ చేసి, దుమ్ము తుడిచి, తెరిచిన వాకిలి వైపు చూస్తూ కూర్చోవడం అలవాటైంది. వాన కురిసి వారు రాని సాయంత్రం ఏ పుస్తకమూ సాగేది కాదు. ఆమె తన భర్త పేరును ఒక్కసారి, ఏ ఊరి పేరో పలికినట్టు మామూలుగా పలికితే చాలు, ఎదురుచూపు ముగిసినట్టేనని ఆయన తనలో తాను తీర్మానించుకున్నాడు. అప్పుడు తన మనసులోది చెప్పవచ్చు. నెల్లూరు వద్దు, ఈ ఇంటికి రమ్మని అడగవచ్చు. అందుకే వ్యాకరణం సాకుతో పేరు చెప్పమని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ మళ్లీ ముత్యాన్నే తాకింది.

పరీక్షకు ముందు రోజు, చివరి పాఠం.

"ఒక మగవాడి పేరుతో ఒక వాక్యం చెప్పు. అతని గురించే 'హీ'తో మరొకటి. సైగలు వద్దు, నోటితో చెప్పాలి," అన్నాడు ఆనందబాబు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అరుగు మీద పిచ్చమ్మ చేతులు ఆగాయి. సామ్రాజ్యం చెయ్యి ముక్కు వైపు లేచి, సగంలో ఆగి, ఒళ్లోకి దిగింది.

"ఆనందబాబుగారు టీచెస్ ఇంగ్లీష్," అంది ఆమె, సూటిగా ఆయన ముఖంలోకి చూస్తూ. "హీ లివ్స్ అలోన్."

ఎక్కడా తడబాటు లేదు. కళ్లలో మంచి విద్యార్థిని గర్వం తప్ప మరేమీ లేదు.

"అయ్యోరి పేరు ఎంత బాగా పలికిందో," అని మెచ్చుకుంటూ పిచ్చమ్మ మళ్లీ వల అందుకుంది.

"తప్పులున్నాయా సార్?"

"లేవమ్మా. ఒక్కటీ లేదు," అన్నాడాయన. "రేపు కూడా ఇట్లాగే రాయి."

వెళుతూ వాకిట్లో ఆగి ఆమె వెనుదిరిగింది. "ఆయన ఓడలో ఇంగ్లీషు నేర్చుకునే ఉంటాడు గదా సార్. వచ్చినాక నన్ను ఎక్కిరించకుండా ఉంటే చాలు."

"ఎక్కిరించడులే," అన్నాడు ఆనందబాబు.

అత్తాకోడళ్లు సముద్రం వైపు దారి పట్టి, సరుగుడు తోపు మలుపులో కనుమరుగయ్యారు. ఆయన లోపలికి వచ్చి ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని, తన పేరును తానే ఒకసారి పైకి పలికి చూసుకున్నాడు. మంచి పేరే. ఎవరైనా పలకగలిగిన పేరు.